హారతి ఆపు

అమ్మా, జీపు దగ్గర కర్పూరం వెలిగించకు. ముహూర్తం దాటిపోయినా సరే. ఇందాక తాళం తిప్పగానే జీపుకి కొత్తగా వేసిన ఇంజిన్ దగ్గర పాత పైపు ఊడి, షెడ్డంతా పెట్రోలు చిమ్మింది. తలుపులు బార్లా తీసి ఉంచు, లోపల స్విచ్‌లు ముట్టుకోకు. ఇంజెక్షన్ ఇంజిన్ ప్రెషర్‌కి తట్టుకునే పైపూ, దాన్ని బిగించడానికి తగిన క్లాంపులూ తేవడానికి రాజమండ్రి వెళ్తున్నా.

కొత్త పైపు వేస్తానంటే "మీ నాన్న వేయించిందిరా, గట్టిగానే ఉంది" అని తొందరపెట్టావు. గట్టిదేనమ్మా. చిట్లలేదు, ఊడిందంతే. ఈ ఇంజిన్ పెట్రోలుని పాతదానికంటే చాలా గట్టిగా తోస్తుంది; పాత ఇంజిన్‌కైతే ఇంకా పదేళ్లు వచ్చేది.

పంతులుగారికి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టు. నిమ్మకాయలు చక్రాల కింద పెట్టుకో, కాదనను. నేనొచ్చి బిగించాక నీ చేత్తోనే హారతి ఇద్దువుగాని.

గణేష్

దేవుడి గదిలో అగ్గిపెట్టె కోసం వెతక్కు. నా జేబులో ఉంది.