క్యాసెట్ రెండో వైపు

3 అక్టోబర్ 1997, శుక్రవారం

ఇసుకలో ఓడ కడుతున్న మనిషిని చూసి నవ్విన గుంపులో నువ్వూ ఉండేవాడివా? నిజం చెప్పు.

ఇవాళ నన్ను చూసి నవ్వారు. తమ్ముడు గయాజ్ ఊరవతల ఎడారిలో, షహానియాలో, ఒంటెలు చూసుకుంటాడు. అతను పనిచేసే ఫారం వెనక ఒక పాత కారవాన్, చక్రాల మీది గది, ఉంది. అర్బాబ్, అంటే యజమాని, ఒకప్పుడు దాన్ని చలికాలం క్యాంపింగ్‌కు లాక్కెళ్ళేవాడట. ఇప్పుడు చక్రాలు సగం ఇసుకలో. కిటికీలో పావురం గూడు. బాగు చేసుకుంటే అందులోనే పడుకోమన్నాడట అర్బాబ్. నేను కార్పెంటర్ని, శుక్రవారం సెలవు. భయ్యా, గిది మళ్ళ నడుస్తదా అని అడిగాడు గయాజ్. నడుస్తుందన్నాను.

ఒంటెల వాళ్ళు చుట్టూ చేరి ఇకిలించారు. జేబులోంచి చిన్న పవిత్ర గ్రంథం తీశాను. నీటి చుక్క లేని చోట నూహ్ ప్రవక్త ఓడ కట్టాడు, జనం నవ్వారు, ఆ తరవాత ఏమైందిరా అని గర్జించాను. నవ్వు ఆగింది. మదరసా మెట్టెక్కని వాణ్ని, అయినా అందరికీ బోధ చెప్తాను, నా గొంతు అలాంటిది.

10 అక్టోబర్

ఉబ్బిన ప్లైవుడ్ అంతా పీకేశాం. గోడల లోపల సన్నని ఇసుక. విప్పితే నీళ్ళలా జారింది.

గయాజ్ ఒక అర కావాలన్నాడు. జానెడు ఎత్తు, టేప్‌రికార్డర్ పట్టేంత. ఎందుకురా అన్నాను. అమ్మీ చివరిసారి ఫోన్‌లో చెప్పిందట: పెద్దోని పేర క్యాసెట్ పంపిన, మొదటి వైపు వానికి, రెండో వైపు నీకు అని. తొమ్మిది మంది పడుకునే రేకుల షెడ్డులో వినబుద్ధి కాక ఇన్నాళ్ళూ నన్ను అడగలేదట. గిక్కడ తలుపేసుకొని వింట, ఏడ్సినా ఎవ్వడు సూడడు అన్నాడు.

అమ్మీ పోయి ఏడు నెలలు.

నా సుత్తి గాలిలో ఆగిపోయింది.

11 అక్టోబర్, ఉదయం 5

పట్నంలో నేనుండే ముంతజా రూమ్‌లో ట్రంకు తెరిచి క్యాసెట్ తీశాను. నాకు ముందే తెలుసు. అయినా పెట్టాను.

రెండో వైపు నా గొంతు. పోయినేడు నా బోధ ఊరికి పంపుకుంటానని రూమ్‌మేట్ బుర్హానుద్దీన్ అడిగాడు. ఖాళీ క్యాసెట్ దొరకలేదు. ఊరి నుంచి వచ్చేవి ఒక వైపే నిండుతాయి. రెండో వైపు మన జవాబుకు వదులుతారు. మా అందరి రివాజూ అదే. తిప్పి వినలేదు. రికార్డు చేసే ఎరుపు మీట నొక్కేశాను. అతను నకలు తీసుకుని క్యాసెట్ తిరిగిచ్చాడు.

నలభై మూడు నిమిషాలు నేనే. విషయం: రేపు అనే మాటలో సైతాను ఉంటాడు.

తరవాత టక్. తరవాత అమ్మీ: బస్, గంతే బేటా. భయ్యాతోని కొట్లాడకు.

మిగిలింది అదే.

17 అక్టోబర్

చెబుదామనే వెళ్ళాను. కొత్తగా వేసిన ప్లై తడి పట్టిందని అబద్ధమాడి మళ్ళీ విప్పాను. మంచి చెక్క. పొడిగా ఉంది.

24 అక్టోబర్

చెప్పలేదు.

7 నవంబర్

పొద్దున్నే పొగమంచు. షహానియా లేదు, రోడ్డు లేదు. తెల్లటి గాలిలో కారవాన్ తేలుతోంది. ఒంటెలు వరసగా నడిచిపోయాయి, కాళ్ళు కనిపించలేదు, మెడలు మాత్రం ఈదుతూ వెళ్ళాయి. లోపల పడుకుని కొత్త సీలింగ్ చూశాను. నేలంతా మెల్లగా ఊగినట్టు ఉంది. ఎవరో పక్క గదిలో రొట్టెలు తడుతున్న చప్పుడు. పక్క గది ఏదీ లేదు.

గయాజ్ వచ్చి లేపాడు. నువ్వు పండుకునుడు సూస్తే ఓనర్ నువ్వే అనిపిస్తది భయ్యా అన్నాడు.

జుమ్మా నమాజు తరవాత పశ్చాత్తాపం మీద గంటసేపు చెప్పాను. ఇద్దరు ఏడ్చారు. నేను ఏడవలేదు.

21 నవంబర్

టైర్లు బిగించాం. జాకీ దించాం. పికప్‌కు కట్టి లాగితే కీచుమని మూడు గజాలు కదిలింది! గయాజ్ గంతులేశాడు. యల్లా, ఇగ కానీ, వచ్చే జుమ్మాకు క్యాసెట్ తే అన్నాడు.

రూమ్‌కు వచ్చి బుర్హానుద్దీన్‌కు చెప్పాను. నవ్వాడు. ఊరందరికీ లౌడ్‌స్పీకర్‌వి, తమ్ముని ముంగట కరెంటు పోయిందా అన్నాడు. తిట్టబోయాను. లేచి లైటు ఆర్పేశాను.

28 నవంబర్, ఉదయం 6

గ్రంథం అదే పుటకు తెరుచుకుంది. ఇన్నాళ్ళూ నేను నూహ్‌ననుకున్నాను. ఆయన కొడుకొకడు ఓడ ఎక్కలేదు. కొండెక్కి బతుకుతానన్నాడు, మునిగిపోయాడు. నేను బోధ చెప్పే ఎత్తే నా కొండ.

అదే రోజు, సాయంత్రం అసర్ నమాజు తరవాత

చెప్పాను. ఏదీ దాచలేదు.

గయాజ్ నా వైపు చూడలేదు. కొత్త అరలో టేప్‌రికార్డర్ పెట్టి క్యాసెట్ వేశాడు. ముందుకు తిప్పమన్నాను, తిప్పలేదు. నలభై మూడు నిమిషాలూ విన్నాడు. రేపటికి వాయిదా వేసేవాడు దొంగ అని టేపులో నేను అరుస్తుంటే నేల పలకల మేకులు లెక్కపెట్టాను.

టక్. అమ్మీ.

ఏడుసార్లు వెనక్కి తిప్పి విన్నాడు. ఆ తరవాత, గింత మాట్లాడుతవు గదా, అమ్మీ ఏం చెప్పి ఉంటదో చెప్పు అన్నాడు. చెయ్యి జేబులోకి వెళ్ళింది. అది గ్రంథంలో లేదు. ఖాళీ చెయ్యి బయటికి తీశాను. తిన్నవా బేటా అన్నాను. చలికి చెవులకు మఫ్లర్ కట్టుకో. ఉత్త ఖుబూస్ తిని కడుపు పాడు చేసుకోకు.

అమ్మీ ఖుబూస్ అనదు, రొట్టె అంటది అన్నాడు గయాజ్. మళ్ళా మొదటికెల్లి చెప్పు అన్నాడు.

మళ్ళీ చెప్పాను.

నేను వెళ్ళేటప్పుడు నా పనిముట్ల పెట్టెలోంచి సన్న ఉలి తీసుకున్నాడు. క్యాసెట్ వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలూ విరిచేశాడు. ఇక దాని మీద ఎవరూ రికార్డ్ చెయ్యలేరు. మాఫ్ చేశానని మాత్రం అనలేదు.

5 డిసెంబర్

ఇవాళ షహానియాలో ఎవరికీ బోధ చెప్పలేదు. కారవాన్ గుమ్మంలో కూర్చుని గయాజ్ చెప్పింది విన్నాను.

నీ పెట్టెలో ఊరి క్యాసెట్ ఉందా? తియ్యి. తిప్పు. చివరిదాకా విను. ఆ రెండు ముక్కలూ విరిచెయ్యి. రేపు కాదు. ఇవాళే. లే!