ప్రణాలి గీసిన బొమ్మలు

ఉప్పర్వాహి,
12 ఆగస్టు 1999

పెద్దక్క సారక్కకు,

ఆదివారం నువ్వు రాకముందే ఈ సంగతి చెప్పాలి. బావ పక్కనుండగా చదువు. మా ఇంట్లో ఉండి చదువుకున్నప్పుడు నీ ప్రణాలి కంప్యూటర్‌లో గీసిన బొమ్మలు ఇక లేవు.

జ్వరంతో బిడ్డ పోయాక నువ్వు వాటిని చూస్తానన్నావు. రంగులు బాగా కనబడాలని నేనే కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టించాను. అప్పటినుంచి బొమ్మ తెరవగానే కంప్యూటర్ ఆగిపోయేది.

"లోపలున్నదంత తుడిచి మళ్ల ఎక్కిస్తే సరైతది. దాసుకునేటియి ఏమన్న ఉన్నయా?" అని మెకానిక్ దత్తు అడిగాడు.

"ఫ్లాపీల ఉన్నయి, కానియ్" అన్నాను. ఆ ఫ్లాపీని ఒక్కసారి తెరిచి చూసుకోలేదు. తరువాత చూస్తే అది పాడైపోయి ఉంది.

అంతా తుడిచినా కంప్యూటర్ ఆగిపోతూనే ఉంది. చివరికి తేలిందేమిటంటే, కొత్త కార్డుకు పాత పవర్ సప్లై చాలలేదు. అది మార్చగానే బాగైంది. బొమ్మలు తుడవాల్సిన పనే లేదక్కా. దత్తు తప్పేమీ లేదు, అతను అడిగాడు.

ఒక బొమ్మలో నువ్వు పత్తి ఏరుతున్నావు. "అమ్మ నవ్వుతలేదేందే?" అంటే, "గంత ఎండల ఎట్ల నవ్వుతది మామా?" అన్నది.

చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. గుర్తున్నవన్నీ చెబుతాను. రానని మాత్రం అనకు.

నీ తమ్ముడు