నా మీసాలు, అమ్మ నలుగుపిండి

హన్మకొండ, గురువారం, జనవరి 1984

ఆడపిల్లనైన నా మీసాల సమస్యపై ఈ రోజు దవాఖానాలో మహాసభ జరిగింది. వెంట్రుకలు రాల్చే బజారు పొడి పూస్తే పెదవి కాలుతుందని డాక్టరమ్మ మందలించింది. కరెంటు సూదితో తీయించుకోవచ్చట, అదీ హైదరాబాదులోనే, ఒక్కొక్క వెంట్రుకే.

"అయితే పోలీసుల్లో చేరుత మేడం" అన్నాను. డాక్టరమ్మ నవ్వింది. అమ్మ నవ్వలేదు.

ఇంటికొచ్చాక ఏడ్చింది. "పసిగుడ్డప్పుడు నలుగు పెట్టి రుద్దితే గీ నూగు రాకపోతుండె బిడ్డా. జరమొచ్చి పండుకుంటి, నా చేత గాకపాయె."

"దానికీ దీనికీ సంబంధం లేదే అమ్మా!"

వినలేదు. శనగపిండిలో పసుపు కలిపి, డిగ్రీ చదివిన నన్ను ఒడిలో పడుకోబెట్టుకుని రుద్దింది. పెదవి మండింది, వెంట్రుక ఒక్కటీ ఊడలేదు. అయినా, "ఇటుపక్క కూడా రుద్దవే అమ్మా" అని మొహం తిప్పాను.