బొమ్మ వచ్చిందా?

తమ్ముడూ, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. ఫోనులో చెబితే మీ బావ వింటారని ఇన్నాళ్లకు కలం పట్టాను.

డిష్ బిగిస్తూ మేడ మీద నుంచి పడ్డాక ఆయన కాలు అతుక్కుంది గానీ, మనసు ఆ మేడ మీదే ఉండిపోయింది. ఇక ఇంతేనని డాక్టరు చేతులెత్తేశారు. రోజంతా మంచంలో నుంచే "బొమ్మ వచ్చిందా?" అని కేకేస్తారు.

"వచ్చిందండీ, ఇక దిగండి" అంటాను.

"నీ మొహం! సిగ్నల్ చూడ్డం నీకేం తెలుసు? వాణ్ణి పిలువు" అంటారు.

పొద్దస్తమానం అబద్ధాలాడిన నోటితో ప్రార్థన చేయలేకపోతున్నాను. ఆయన పైన డిష్ తిప్పుతుంటే పదేళ్ల పాటు కింద టీవీ దగ్గర నిలబడింది నువ్వే కదా. ఒక్కసారి వచ్చి "వచ్చింది బావా" అను. నీ మాటకైనా దిగుతారేమో.

మరదలి మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలకు దీవెనలు. ఈ కార్డు నీ దగ్గరే దాచు, అమ్మకు చూపించకు.

అక్క