కొత్త పిల్ల వస్తేనే పాత పిల్ల డిపాజిట్

నాందేడ్ తహసీల్దార్ గారి సముఖమునకు

అయ్యా,

విషయం: మేడమీది గదికి కట్టిన డిపాజిట్ పదివేల రూపాయలను ఇంటి యజమాని నుండి తిరిగి ఇప్పించుట గురించి.

ఈ అర్జీకి మరాఠీ ప్రతి జతపరచడమైనది. అది నమూనా ప్రకారం మూడు గళ్లలో ముగిసిపోయింది. తమరు దెగ్లూర్ వైపు వారని, తెలుగు చదువుతారని తమ కార్యాలయపు వరండాలో విన్నాను గనుక మిగతాది ఇందులో మనవి చేసుకుంటున్నాను.

1. అర్జీదారు పేరు ప్రణాలి. తండ్రి నర్సన్న, కుండల్‌వాడి దగ్గరి పల్లెలో కూలిపని. బి.ఎస్సీ. చదువు నిమిత్తం మూడేళ్లు శంకర్రావు గారి మేడమీది రేకుల గదిలో అద్దెకుంటిని. చదువు పూర్తయి నిజామాబాద్‌లో ఒక మందుల గోదాములో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. అక్కడి గదికి కూడా ముందుగా డిపాజిట్ కట్టనిదే తాళంచెవి ఇవ్వరు. ఇక్కడి పదివేలే అక్కడికి పోవాలి. మా ఇంట్లో రెండో పదివేలు లేవు.

2. గది ఖాళీ చేస్తానని అద్దె కరార్నామాలో రాసుకున్న ప్రకారం నెల ముందే తెలియజేయడమైనది. అందుకు యజమాని ఇచ్చిన జవాబు యథాతథంగా: "పైసలు ఏడికి పోతయ్ బేటా? నీ రూముకు ఇంకో పిల్లను తోలుకరా. ఆ పిల్ల ఇచ్చింది ఇచ్చినట్టు నీ చేతుల పెడ్త." పిల్ల దొరికేదాకా నా సామాను గదిలోనే ఉంటుంది గనుక కిరాయి కూడా నడుస్తుందట.

3. పై కారణం చేత అర్జీదారు నెలరోజులుగా జీతం లేని దలాలీ చేస్తున్నది. కోచింగ్ క్లాసుల గేట్ల దగ్గర చీటీలు అంటించాను. వచ్చిన ప్రతి పిల్లా మొదట నల్లా తిప్పి చూస్తుంది. "నీళ్లు వస్తయా అక్కా?" అంటుంది. నాకు అబద్ధం తొందరగా రాదు. వచ్చేలోపు ఆ పిల్ల కళ్లు మూలనున్న నీళ్ల డ్రమ్ము మీద పడతాయి. ఎండాకాలం రేకుల సంగతి అడిగితే అదీ చెప్పేశాను. యజమాని కింది నుంచి విని కేకేశారు: "రూము చూపియ్యవే అంటే జాతకం చెప్తవేందే!"

4. నాకంటే ముందు అదే గదిలో ఉన్న సారికకు ఫోన్ చేయడమైనది. ఆమె నవ్వింది. "పిచ్చిదానా, నాకిచ్చింది నీ పైసలే గదనే! నేను కట్టినయ్ నాకంటే ముందున్న అక్కకు పోయినయ్." అంటే ఏ పిల్లకూ తన డబ్బు తనకు రాలేదు. మరి మొట్టమొదటి పిల్ల కట్టినది ఏమైందని యజమాని భార్య ఉమాబాయి గారిని అడిగాను. ఆమె దాపరికం లేని మనిషి. చేయెత్తి చూపించింది. "అగో, గా ఇనుప మెట్లు ఆ పైసలతోనే పెట్టిచ్చినం. ఇప్పుడు మెట్లు ఊడబీకి ఇయ్యమంటవా బిడ్డా?"

మూడేళ్లు రోజూ ఆ మెట్లే ఎక్కాను అయ్యా.

5. ఠాణాకు పోగా ఇది కోర్టు పని అన్నారు. కోర్టు దగ్గర వకీలు గారిని అడగగా ఆయనకూ ముందుగా కొంత కట్టాలట. ఎక్కడికి పోయినా ముందు కట్టవలసిన వాళ్లమే, వెనక్కి తీసుకునే కిటికీ ఒక్కటీ కనబడలేదు.

కాబట్టి నేను కోరుకొనేది: శంకర్రావు గారిని పిలిపించి నా డిపాజిట్ ఆయన సొంత జేబు నుండి ఇప్పించవలెను. ఇంకో పిల్ల జేబు నుండి కాదు. ఇది పెద్ద కోరికో చిన్న కోరికో ఇప్పుడు నాకే తెలియడం లేదు. ఎంతైనా ఈ మొరను తమరు తీరికగానైనా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ప్రణాలి నర్సన్న మేకల్‌వార్

తా.క. ఇది ఇవ్వడానికి బయలుదేరుతుండగా ఉమ్రి నుంచి శ్రద్ధ అనే పిల్ల, ఆమె తల్లి ముత్తెమ్మ గది చూడటానికి వచ్చారు. నీళ్లు, రేకులు, డిపాజిట్ వెనక్కి రాకపోవడం, అన్నీ దాచకుండా చెప్పాను. ముత్తెమ్మ అంతా విన్నది.

"మరి నువ్వెట్లున్నవ్ బిడ్డా మూడేండ్లు?"

"ఉన్న, ఏం జేస్త."

"గట్లనే ఇది గూడ ఉంటది. సోమవారం కెల్లి దీనికి డిగ్రీ క్లాసులు. పొద్దటి నుంచి తిరుగుతున్నం, ఇంకేడ దొరుకుతది మాకు?"

కొంగుముడి విప్పి నోట్లు తీసి ఇచ్చింది. శంకర్రావు గారు వాటిని అటు తీసుకొని ఇటు నా చేతిలో పెట్టారు. "చూసినవా, నేనన్న మాట తప్పలే!" అన్నారు. నేను వద్దనలేదు. నా బస్సు రేపు పొద్దున ఉంది.

కావున అర్జీదారు సమస్య తీరినదని రాసి ఈ కాగితాన్ని మూసివేయవద్దని ప్రార్థన. పైన నా పేరు కొట్టేసి కుమారి శ్రద్ధ, మేడమీది రేకుల గది, అని రాసుకుంటే చాలు. మిగతా అక్షరం ఏదీ మార్చనక్కరలేదు. ఆ పిల్ల చదువు ముగిసి గది ఖాళీ చేయడానికి ఇంకా మూడేళ్లు పడుతుంది. తమకు అప్పటిదాకా సమయం ఉంది.