జీలకర్ర బెల్లం ఫొటో

ఫిబ్రవరి 9, ఆదివారం

ఇవాళ పార్లర్‌కి ఐ.పోలవరం నుంచి ఒక పెళ్లికూతురు వచ్చింది, లక్ష్మీప్రసన్న. వెంట వాళ్ల అమ్మమ్మ బుల్లెమ్మగారు. నా దగ్గరికొచ్చేవాళ్లంతా ముక్కు సన్నగా కనపడాలి, రంగు తేలాలి అంటారు. ఈ పిల్ల మొహం ఊసే ఎత్తలేదు. రెండు చేతులూ టేబుల్ మీద పెట్టి, ఇవి ఫొటోలో బాగుండాలండి, అంతేనండి, అంది.

వేళ్ల చివర్లు పొలుసులు లేచి, కణుపుల దగ్గర పగిలి ఉన్నాయి. రొయ్యల షెడ్డులో తలలు తీస్తుందట. రోజంతా ఐసు, బ్లీచింగ్ నీళ్లు. నిశ్చితార్థంలో ఉంగరం క్లోజప్ వాట్సాప్ గ్రూపులో పెడితే, ఆడపడుచు సత్యదుర్గ ఇది చర్మవ్యాధేమో కనుక్కోండని అందరూ చూసేలా రాసిందట. ఇక పెళ్లిలో పెళ్లికొడుకు నెత్తిన జీలకర్ర బెల్లం పెట్టే ఫొటో ఒకటి ఉంటుంది. అందులో కనపడేదే చెయ్యి.

షెడ్డు పేరెత్తగానే నా చేతులు ఒళ్లోకి లాక్కున్నాను. పార్లర్ పెట్టకముందు నాలుగేళ్లు నేనూ అదే పని చేశాను. మానేసి మూడేళ్లయినా నా వేళ్లు మొరటుగానే, మచ్చలతోనే ఉన్నాయి. అమలాపురంలో ఎవరికీ తెలీదు. పెళ్లిళ్లకెళ్లినా, రీల్స్‌లోనూ నల్ల గ్లవ్స్ వేసుకుంటాను. హేమగారిది ఎంత హైజీనో అని కామెంట్లు. నా మొహం హైజీను!

ఫిబ్రవరి 14, శుక్రవారం

ట్రయల్. చేతులకి ప్రైమర్, రెండు కోట్లు వాటర్‌ప్రూఫ్ ఫౌండేషన్, పౌడర్, స్ప్రే. ఫ్లాష్‌లో తీస్తే అరటిదూటలా నున్నగా ఉన్నాయి. పిల్ల ఫొటో చూసుకుని మురిసిపోయింది.

అప్పుడు బుల్లెమ్మగారు సంచిలోంచి నూరిన జీలకర్ర బెల్లం తీసి మనవరాలి చేతిలో పెట్టారు. రెండు నిమిషాలు. బెల్లం కరిగింది, దాంతో నా ఫౌండేషనూ కరిగింది. వేళ్లంతా బురద. నాకు తల కొట్టేసినట్టయింది. లక్ష్మీప్రసన్న గోడవైపు తిరిగి ఏడ్చింది.

గోరింటాకు రుబ్బి పెడతానండి, అది ఎక్కడికీ పోదండి, అన్నారు బుల్లెమ్మగారు. ఇప్పుడంతా కోన్ డిజైన్లేనండీ, ఆ వేళ్ల టోపీలు ఫొటోలో పాతగా ఉంటాయి, అన్నాను. ఆయ్, మీ డబ్బాలూ చూసేం కదండీ, అన్నారావిడ.

ఫిబ్రవరి 15

ఇంకో బ్రాండు. నా చేతికే వేసి, బెల్లం పట్టుకుని చూశాను. అదీ పోయింది.

ఫిబ్రవరి 22, శనివారం, ఉదయం 7

లక్ష్మీప్రసన్న ఫోన్. రాత్రి అమ్మమ్మ గోరింటాకు పెట్టేసిందట. పగుళ్లలో మండిందట. కడిగితే పగిలినచోటల్లా మరీ ఎర్రగా పట్టింది, ఇంకా ఎక్కువ కనపడతాయేమోనండీ అని భయం. ఏం పర్లేదమ్మా అన్నాను. నాకూ భయంగానే ఉంది.

ఫిబ్రవరి 23, ఆదివారం

ముహూర్తం పది ఇరవైకి. మొహానికి గంటన్నర పట్టింది. మంగళస్నానం పసుపు ఒంటికి పట్టి ఉంటే ఫొటోలో పచ్చగా కొడుతుంది, షేడ్ మార్చాల్సి వచ్చింది. చేతుల జోలికి మాత్రం పోలేదు. కొబ్బరినూనె రాసి ఊరుకున్నాను. గోరింటాకు రాత్రికి రాత్రి ముదిరి, కణుపుల దాకా నేరేడుపండు రంగు తేలింది. పొలుసేదో పగులేదో తెలియడం లేదు.

జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఫొటోగ్రాఫర్ నూకయ్య వంగి మరీ క్లోజప్ తీశాడు. పందిట్లో ఎల్‌ఈడీ స్క్రీన్ మీద ఆ చెయ్యి నిలువెత్తున పడింది. నేను సత్యదుర్గ వైపు చూశాను.

కాసేపటికి సత్యదుర్గ వచ్చి ఆ చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. అబ్బ, ఎంత బాగా పండిందో, మా తమ్ముడు అదృష్టవంతుడే, ఇందులో ఏం కలిపేరండీ, అని అడిగింది. బుల్లెమ్మగారు చింతపండు అనబోయారు. ఈలోగా లక్ష్మీప్రసన్న తలెత్తి, ఏం కలపలేదండి వదినగారూ, రొయ్యల షెడ్డులో ఐసుకి పగిలిన చేతులండి, అవి ఇలాగే పండుతాయండి, అంది. పంతులుగారి మైకు పక్కనే ఉంది. పందిరంతా వినేసింది.

సత్యదుర్గ మొహం మాడిపోయింది. అయినా చెయ్యి వదల్లేదు. గోరింటాకు పెట్టినప్పుడు మండిందా, అని మాత్రం మెల్లగా అడిగింది.

నేను రెండడుగుల దూరంలో బ్రష్ పట్టుకుని, నల్ల గ్లవ్స్‌తో నిలబడి ఉన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. చేతులు దాచిపెట్టమని నా దగ్గరికొచ్చింది ఆ పిల్ల. ఇంకా దాచుకుంటున్నది నేను.

మార్చి 1, శనివారం

ఎడం చేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకర. కుడిచేతికి గోరింటాకు, బుల్లెమ్మగారు పంపిన ఆకే. పగుళ్లు లేకపోయినా మచ్చల దగ్గర చురుక్కుమంటోంది.

రేపు కొత్తపేటలో పెళ్లికూతురు. కిట్ సర్దేశాను. గ్లవ్స్ పెట్టలేదు.