కుర్చీల వీధిలో లారీల లెక్క

మార్చి 3
కొత్త రైలు వచ్చే నెల మొదలవుతుందట. పెద్ద నగరానికి నలభై నిమిషాలే. దాంతో మా కుర్చీల వీధిలో లారీల పొగ ఎంత తగ్గుతుందో తేల్చాలని అల్లుడి రైలు ఆఫీసు వాళ్ళ పట్టుదల. మామయ్యా, రంపాలకు పదును పెడుతూ కొట్టులోనే ఉంటారుగా, లారీ వచ్చినప్పుడల్లా ఓ గీత పెట్టండి చాలు అన్నాడు. అల్లుడిని కాదనే నోరు నాకెక్కడిది?

మార్చి 9
వారంలో ఇరవై ఆరు లారీలు. కలప దించేవీ, కుర్చీలు ఎక్కించుకునేవీ. మధ్యలో బండి అక్కర్లేదు. వడ్రంగి చేసింది పక్కింట్లో పాలిష్ అవుతుంది, ఎదురింటావిడ కుషన్ కుడుతుంది. రంపం మొద్దుబారితే వడ్రంగి గుమ్మంలోంచే నాకు కేక వేస్తాడు.

మే 20
పద్నాలుగు. వడ్రంగి కొట్టు ఎత్తేసి నగరానికి పోతున్నాడు. కొనేవాళ్ళంతా రైలెక్కి నగరంలోని షోరూంలకే పోతున్నారట. నువ్వూ వచ్చెయ్ బాబాయ్, ఇక్కడ ఈగలు తోలుకుంటావా అని నవ్వాడు. అక్కడ రంపం మొద్దుబారితే పారేసి కొత్తది బిగిస్తారని కూడా వాడే చెప్పాడు. మరి నన్ను రమ్మనడం దేనికో.

జూలై 2
ఏడు.

జూలై 15
నగరానికి పోయిన పాలిష్ అతను చూడ్డానికొచ్చాడు. అక్కడ కుర్చీ కాళ్ళు చేసేది ఊరికి ఓ చివర, పాలిష్ ఇంకో చివర, కుషన్ మరెక్కడోనట. ఒక్క కుర్చీ తయారయ్యేలోపు నాలుగుసార్లు లారీ ఎక్కుతుందట. నాకంటే అదే ఎక్కువ ఊరు చూసింది బాబాయ్ అన్నాడు. ఇద్దరం పడీపడీ నవ్వాం.

ఆగస్టు 30
రెండు. నెలంతా ఒక్క రంపం రాలేదు. పొగ తగ్గలేదయ్యా, ఇక్కణ్ణుంచి అక్కడికి పోయింది, ఇంకా పెరిగింది కూడా అని అల్లుడికి చెప్పాను. మీకిచ్చింది ఈ వీధి లెక్కే కదా మామయ్యా అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

సెప్టెంబర్ 18
స్టేషన్ హాల్లో మీటింగు. నా గీతలన్నీ గోడంత చార్టు అయ్యాయి. నూటికి తొంభై పాళ్ళు పొగ తగ్గిందని చూపించారు. ఈ పెద్దాయన చలవే అని ఆఫీసరు నా చేతికి మైకిచ్చాడు. అల్లుడికి చెప్పిన మాటే అందరికీ చెబుదామని పొద్దుట్నుంచీ లోలోపల అనుకుంటూనే ఉన్నాను. ముందు వరుసలో కూతురు. అల్లుడి ప్రమోషన్ ఈ చార్టు మీదే ఉందని బయల్దేరేముందు చెప్పింది. నమస్కారం అన్నాను. చప్పట్లు కొట్టారు. కూర్చున్నాను.

అక్టోబర్ 4
ఒకటి. పాత ఇనుము లారీ. నా సాన మిషను ఎక్కించుకుపోయింది.
గీత పెట్టాను.